దత్తు పోయిన తమ్ముడు

మా తమ్ముడికి మాటలు వచ్చాక నన్ను పిలిచిన మొదటి పిలుపు ‘వదినా’. సొంత తమ్ముడే. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లమే. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వేస్తారు. సంగతంతా విన్నాక నవ్వినందుకు నొచ్చుకుంటారు. నాకు నవ్వినవాళ్ల మీద కోపం లేదు. పైకి చూస్తే నవ్వొచ్చే సంగతే మరి.

వాడు పుట్టిన కొన్ని నెలలకే మా అమ్మ జ్వరం వచ్చి పోయింది. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. మాది బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లె. మా నాయనకు సొంత తోట లేదు. మామిడి సీజన్లో లారీలకు కాయ ఎత్తేవాడు, గుజ్జు ఫ్యాక్టరీలో పనికి పోయేవాడు. సీజన్ అయిపోతే ఎవరు పిలిస్తే వాళ్ల పొలానికి పోయేవాడు. ఇంట్లో ఆడదిక్కంటే మా అవ్వ, నాయనను కన్నతల్లి. ఆమెకు కళ్లు సరిగా ఆనేవి కావు. చంటివాడికి ఆవుపాలు కాచి, ఆరబెట్టి, పట్టడం నా పని అయిపోయింది. వాడిని చంకనేసుకుని బడికి పోయిన రోజులు కూడా ఉన్నాయి. అయ్యవారు తిట్టేవాడు కాదు గాని, వాడు ఏడుపు మొదలుపెడితే మా ఇద్దరినీ వరండాలో కూర్చోమనేవాడు. నా ఎక్కాలు చాలా వరకు ఆ వరండాలోనే నేర్చుకున్నాను.

పలమనేరులో మా మేనమామ ఉండేవాడు. మా అమ్మకు అన్న. ఆయనకు చిల్లర అంగడి ఉండేది. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు లేరు. అమ్మ దివసాలకు వచ్చినప్పుడు ఆయన మా నాయనను పక్కకు పిలిచాడు. "బావా, అబ్బోడిని మాకియ్యి. నా సెల్లెలి బిడ్డ, నా బిడ్డగా పెరుగుతాడు" అన్నాడు. నాయన ఆ రోజు అవుననలేదు, కాదనలేదు. వానలు మొదలయ్యాక వాడికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. చిత్తూరు ఆసుపత్రిలో పెట్టారు. బతుకుతాడో లేదో అన్నంత దాకా వచ్చి బతికాడు. ఆ మంచం పక్కన కూర్చునే నాయన మనసు మార్చుకున్నాడు. పనికి పోకపోతే పూట గడవదు, పోతే బిడ్డను చూసేవాళ్లు లేరు. నేనున్నాను కదా అని నాకనిపించింది. ఎనిమిదేళ్ల పిల్లను ఎవరు లెక్కేస్తారు?

దత్తు ఇవ్వడం పలమనేరులో మామ ఇంట్లోనే జరిగింది. హోమం పొగకు అందరి కళ్లూ నీళ్లు కారుతున్నాయి కాబట్టి ఎవరు ఏడుస్తున్నారో తెలియలేదు. వాడు నా చంకలో ఉన్నాడు. "బిడ్డను మీ నాయనకియ్యి పాపా" అన్నాడు హోమం చేయిస్తున్న అయ్యగారు. ఇచ్చాను. నాయన వాడిని రెండు చేతుల్లో ఎత్తి మామ ఒళ్లో పెట్టాడు. ఆ తర్వాత రిజిస్ట్రారు ఆఫీసులో కాగితం కూడా రాసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఒక పక్కకే ఒరిగి కూర్చున్నాను. బిడ్డ బరువుకు నడుము అలా అలవాటైపోయింది. సరిగా కూర్చోమని అవ్వ రెండుసార్లు చెప్పింది.

దత్తు పోతే ఇంటిపేరు మారుతుందని, గోత్రం మారుతుందని అవ్వ ముందే చెప్పింది. వరసలు కూడా మారతాయని మాత్రం చెప్పలేదు. మేనమామ కొడుకంటే మాలో బావ వరస. నా కంటే చిన్నవాడు కాబట్టి మరిది వరస. వాడికి నేను వదిన. ఇంకా తేటగా చెప్పాలంటే, పెళ్లి చేసుకోదగ్గ వరస. మామ ఒళ్లో పెట్టిన ఆ క్షణంలో మా ఇద్దరి మధ్య ఇంత జరిగిపోయిందని నాకు మళ్లీ పలమనేరు పోయేదాకా తెలియదు.

పోగానే ఉయ్యాల దగ్గరకు పరుగెత్తి, "తమ్ముడా" అని వంగాను. అత్త నన్ను మెల్లగా వంటింట్లోకి తీసుకుపోయింది. నూనెలోంచి అప్పుడే తీసిన నిప్పట్టు ఒకటి తినమని చేతిలో పెట్టింది. ఆమె మాట ఎప్పుడూ పెద్దది కాదు.

"సూడు మే, వాడింక మా బిడ్డ. వాడి ముందర తమ్ముడా అనొద్దు. వాడికి నువ్వు వదినవి. అట్లయితే ఎప్పుడన్నా రా, నీ ఇల్లే. లేకుంటే బిడ్డకు మనసు రెండు ముక్కలవుతాది."

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ గడప దగ్గర కూర్చుని అంతా వింటోంది. "అట్లే లేమ్మా" అంది. తిరిగి వచ్చేటప్పుడు మొగిలి కనుమ దిగేదాకా నేను మూతి ముడుచుకునే ఉన్నాను. అప్పుడు అవ్వ చెప్పింది. "ఏమని పిలిస్తే ఏమే. బిడ్డ కంటికి కనపడతా ఉండాడు గదా. ఒక మాట కోసరం తలుపు మూయించుకుందామా?"

ఆ ఒప్పందం అలా కుదిరింది. అవ్వ పశువుల సంత రోజు చూసుకుని నన్ను వెంటబెట్టుకుని పలమనేరు బస్సెక్కేది. మాకు కొనేందుకు గాని అమ్మేందుకు గాని ఒక దూడ కూడా లేదు. అయినా ఊళ్లో అడిగితే సంతకు పోతున్నామనే చెప్పేది. సీజన్లో మామిడిపండ్లు, లేకపోతే శనక్కాయలు మూటగట్టుకుని పోయేవాళ్లం. కనుమ ఎక్కేసరికి గాలి చల్లబడేది, అవ్వ కొంగు తలకు చుట్టుకునేది.

అత్తను చెడ్డదని చెప్పడానికి నాకు నోరు రాదు. నేను పోతే తలకు నూనె పెట్టి జడ వేసేది. పెరుగన్నం కలిపి పెట్టేది. తమ్ముడు ఆమె చేతిలో బుగ్గలు తేలి, నున్నగా పెరిగాడు. ఆసుపత్రిలో ఎముకలు లెక్కపెట్టుకునేలా ఉన్న బిడ్డ వాడేనా అనిపించేది. నేను వచ్చానని తెలిస్తే చాలు, "వదినొచ్చింది, వదినొచ్చింది" అని అంగట్లోంచి పరుగెత్తుకొచ్చేవాడు. నేను ఎక్కడ వెళ్లిపోతానో అని నా చెప్పులు తీసుకుపోయి బియ్యం బస్తాల వెనక దాచేవాడు. అంగడికి వచ్చే ఆడవాళ్లకు అదొక వేడుక. "ఏం రా, పెండ్లాం పుట్టింటికి పోతా ఉండాదా?" అనేవాళ్లు. వాడు సిగ్గుపడి అత్త కొంగులో దూరేవాడు. మామ గబగబా ఏదో ఒకటి పొట్లం కట్టి వాళ్లను పంపేసేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. నోరు తెరిస్తే అవ్వ నా తొడ మీద గిల్లేది.

అలా ఐదారేళ్లు నడిచింది. నేను పెద్దమనిషినయ్యాక తెగింది.

మా వైపు ఆడపిల్ల సమర్తాడితే ఇంటి ముందర పచ్చమట్టలతో చిన్న గుడిసె వేసి అందులో కూర్చోబెడతారు. ఆ గుడిసె మేనమామ వేయాలి. మేనమామకు కొడుకుంటే మొదటి మట్ట ఆ పిల్లవాడి చేత కట్టిస్తారు, రేపు ఆ పిల్లకు మొగుడు కాదగ్గవాడు కాబట్టి. తండ్రి, అన్నదమ్ములు మాత్రం నీళ్లు పోసేదాకా ఆ పిల్ల ముఖం చూడకూడదు. మా నాయన ఆ రోజుల్లో పక్కింటి పంచలో పడుకునేవాడు. ఆయనకు అన్నం అక్కడికే పోయేది.

మామ వచ్చాడు, అత్త వచ్చింది, సారె తెచ్చారు. తమ్ముడు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. వాడిని తమ్ముడిగా చూస్తే ఆ వాకిట్లోకే రాకూడదు. మామ కొడుకుగా చూస్తే వాడు లేకుండా గుడిసే లేవకూడదు. ఊరి పెద్దావిడ ఒకామె ఇది గుర్తుచేసింది కూడా. "ఏమ్మా, వాడు దీనికి ఏమవుతాడు సెప్పండి, రమ్మందామా వద్దా?" అని. అందరూ అత్త వైపు చూశారు. "నా కొడుకు, ఇంకేమవుతాడు" అంది అత్త. వాడి చేతికి మట్ట ఇచ్చారు.

నేను ఇంటి లోపల గోడవారగా చాప మీద కూర్చుని ఉన్నాను. మామ పట్టుకుంటే వాడు తాడు చుట్టాడు. ముడి సరిగా పడకపోతే మళ్లీ విప్పి, నాలుక బయటపెట్టి, శ్రద్ధగా చుట్టాడు. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. కట్టడం అయిపోగానే వాడు తలుపు సందులోంచి తల లోపలికి పెట్టాడు.

"వదినా, నీకు ఇల్లు నేనే కట్టినా."

"కట్టినోడే కాపురం సేయాల" అని బయట ఎవరో అన్నారు. అందరూ విరగబడి నవ్వారు.

నేను లేచి నిలబడ్డాను. "వాడు నా తమ్ముడు" అన్నాను. నవ్వులో ఎవరికీ వినబడలేదు. గుమ్మంలోకి వచ్చి మళ్లీ చెప్పాను. "వాడు నా తమ్ముడు. మా అమ్మకు పుట్టినోడు. వాడికి నేను పాలు పట్టినా. ఇంకొకసారి ఎవరన్నా ఆ మాటంటే ఊరుకోను."

పాట ఆగిపోయింది. వాడు నన్ను చూసి, అత్తను చూసి, "మా, వదిన ఏమంటా ఉండాది?" అని అడిగాడు. అత్త ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చేతిలోని పళ్లెం అరుగు మీద పెట్టింది. వాడి చెయ్యి పట్టుకుంది. రోడ్డు వైపు నడిచింది. వాడు వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే పోయాడు. మామ మిగిలిన మట్టలన్నీ ఒక్కడే కట్టి, గుడిసె పూర్తి చేసి, భోజనం చేయకుండా వెళ్లిపోయాడు.

"ఇన్నేండ్లు కాపాడుకున్న పూత ఒక్కసారిగా రాల్చేసినావు గదే" అని అవ్వ ఏడ్చింది. నాది తప్పని ఊరంతా అంది. నేను అనుకోలేదు. ఇప్పటికీ అనుకోను. ఆ రోజు మళ్లీ వస్తే ఆ మాట ఇంకాస్త గట్టిగానే అంటాను.

కొన్నాళ్లు రావద్దని అత్త కబురు పంపింది. ఆ కొన్నాళ్లు ఏళ్లయ్యాయి. అవ్వ ఒక్కతే ఒకసారి మనసు పట్టలేక పలమనేరు వెళ్లింది. కాఫీ ఇచ్చారు, మర్యాద చేశారు. పిల్లవాడు బడిలో ఉన్నాడన్నారు. సాయంత్రం దాకా అంగడి అరుగు మీద కూర్చుని, ఆఖరి బస్సు పోతుందని లేచి వచ్చేసింది. ఆ పై ఏడు అవ్వ పోయింది. వాడిని మళ్లీ చూడకుండానే పోయింది. ఆ ఒక్క విషయంలో మాత్రం అత్తను క్షమించడానికి నాకు చాలా కాలం పట్టింది.

"నువ్వు పోయి అడుగు నాయనా, నీ కొడుకే గదా" అని మా నాయనతో పోట్లాడేదాన్ని. ఆయన బీడీ ఆర్పేసి, తల వంచుకుని, "ఇచ్చినోడిని నేనే. మళ్లా పోయి అడిగే నోరు నాకు యాడిది?" అనేవాడు. కోపం ఆయన మీదికి పోయేది, జాలి కూడా ఆయన మీదికే పోయేది. ఇంటర్‌కు చిత్తూరు పోయి హాస్టల్లో చేరాక గాని నాకు ఆ ఇంట్లో ఊపిరాడలేదన్న సంగతి తెలియలేదు.

ఒక రోజు కాలేజీ విడిచిపెట్టే వేళకు గేటు దగ్గర మామ నిలబడి ఉన్నాడు. అంగడికి సరుకు వేసుకోవడానికి చిత్తూరు వచ్చాడు. పక్కన తమ్ముడున్నాడు. నా భుజం దాకా పెరిగాడు. మామ మమ్మల్ని టిఫిన్ హోటల్‌కు తీసుకుపోయి, ఇద్దరికీ పూరీలు చెప్పి, "సరుకు కట్టించుకోనొస్తా, ఈడే ఉండండి" అని వెళ్లిపోయాడు. కావాలనే వెళ్లాడు.

వాడు పూరీని వేలితో పొడిచి గాలి పోనిచ్చాడు. తర్వాత తల ఎత్తకుండా అడిగాడు. "నిన్ను ఏమని పిలవాల?"

"నీకు తెలుసా?"

"తెలుసు. నాయన సెప్పినాడు."

వాడు నాయన అన్నది మామను. అది విని నా గుండె కలుక్కుమంది. వెంటనే సర్దుకున్నాను. వాడికి ఆయనే నాయన. "నీ ఇష్టం. ఎట్ల పిలిచినా పలుకుతా" అన్నాను. వాడు కాసేపు ఆలోచించాడు. పూరీ తినేశాడు. ఇక అంతే. ఆ రోజు నుంచి వాడు నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. వదిన అంటే నాకు కష్టం, అక్క అంటే వాళ్లమ్మకు కష్టం. మా పెద్దవాళ్లెవరికీ తోచని ఉపాయం వాడికి తోచింది. ఫోన్ చేసినా "నేను" అంటాడు. రోడ్డుకు అవతల ఉన్నానంటే కేకవేయడు, చప్పట్లు కొడతాడు.

మామ సరుకుకు వచ్చినప్పుడల్లా వాడిని తెచ్చేవాడు. లెక్కలు రావడం లేదంటే అదే హోటల్లో బల్ల మీద నేర్పించేదాన్ని. బంగారుపాళ్యంలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి మా నాయన కనిపిస్తాడేమోనని చూస్తాననీ, ఒకసారి కనిపించాడనీ, తాను చెయ్యి ఊపితే ఆయన ఊపలేదనీ వాడు చెప్పాడు. నేను ఆ సంగతి నాయనను అడగలేదు.

"మామా, అత్తకు తెలుసా?" అని ఒకసారి అడిగాను.

"ఆమె అడగలేదు. అడిగితే సెప్తా. నేను అబద్ధం సెప్పను, ఆమె అడగదు. అట్ల జరుగుతా ఉండాది మా కాపురం" అన్నాడు మామ.

వాడు వచ్చినప్పుడల్లా సంచిలో నిప్పట్లు తెచ్చేవాడు. అత్త చేసినవి. బస్సులో తినమని కట్టిచ్చిందట. పలమనేరు నుంచి చిత్తూరుకు వచ్చే లోపల ఒక్క పిల్లవాడు తినేదానికి అన్ని నిప్పట్లు ఎవరూ కట్టరు. నాకు అర్థమయ్యేది. అర్థమైనకొద్దీ కోపం ఇంకా ఎక్కువయ్యేది. తెలిసి పంపేదానివి, తలుపు తీస్తే నీ సొమ్మేం పోయింది అనిపించేది. అవి తినకుండా మాత్రం ఉండలేదు.

చదువైపోయి, తిరుపతిలో ఒక స్కూల్లో టీచరుగా చేరాను. పెళ్లి కూడా తిరుపతి అబ్బాయితోనే అయింది. మోటార్లకు వైండింగ్ చేసే షాపు మా ఆయనది. పెళ్లికి మామ, తమ్ముడు వచ్చారు. అత్తకు మోకాళ్ల నొప్పులన్నారు. బంధువులు అడిగితే తమ్ముడిని మేనమామ కొడుకని చెప్పాం. మా అత్తగారింట్లో కూడా అదే మాట ఖాయమైపోయింది. తర్వాత మామ గుండెపోటుతో పోయాడు. వాడు గుండు గీయించుకుని, తడిబట్టలతో అన్నీ చేశాడు. మామకు కొడుకు లేని లోటు రాలేదు. నేను అత్త పక్కన గోడకానుకుని కూర్చున్నాను. ఆమె నన్ను పొమ్మనలేదు, మాట్లాడలేదు.

మాకు కొడుకు పుట్టాడు. వాడికి ఏడాది దాటుతుండగా చెవులు కుట్టించాలన్నారు. మేనమామ కొత్తబట్టలు తెచ్చి, బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే గాని మాలో చెవులు కుట్టరు. మా అత్తగారు మంచిదే, కానీ ఏదీ నానబెట్టే మనిషి కాదు. "మీ వైపు మేనమామ లేడు గదా. మా తరపున వరసకు మామ అయ్యేటోడు రేణిగుంటలో ఉండాడు, వాడిని కూర్చోబెట్టేద్దాం" అంది. వరస ప్రకారం చూస్తే ఆమె మాటలో తప్పు లేదు. మేనమామ కొడుకు నా బిడ్డకు చిన్నాయన అవుతాడు. చిన్నాయన ఒళ్లో చెవులు కుట్టరు.

ఆ పూట నాకు అన్నం సహించలేదు. నా తమ్ముడు బతికి ఉండగా, నా బిడ్డ ఎవరి ఒళ్లోనో కూర్చుంటాడా? ఒకసారి అలా జరిగిందంటే ఇక మా సంబంధం పూర్తిగా చెరిగిపోయినట్టే. రేపు నా బిడ్డకు సొంత మేనమామ ఉన్నాడన్న సంగతి కథలా చెప్పాల్సి వస్తుంది.

"వాడికి ఫోన్ చెయ్యి, వచ్చేస్తాడు" అన్నాడు మా ఆయన. వస్తాడని నాకూ తెలుసు. కానీ చాటుగా కలిసింది చాలు అనిపించింది. హోటల్ బల్లల దగ్గర, బస్టాండుల్లో కలిసింది చాలు. అయినా ఫోన్ చేశాను. "నేను" అన్నాడు. సంగతి చెప్పాను.

"అమ్మను అడుగు. అమ్మ పొమ్మంటే వస్తా. వద్దనిందంటే..." అని ఆగాడు. "అమ్మకు నేను తప్ప ఎవరుండారు?"

నాకు ఏడుపొచ్చింది. ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే, ఈ మాట అనేవాడు కాబట్టే వాడు నాకు అంత ఇష్టమనిపించింది.

పళ్లెంలో పసుపు, కుంకుమ, తమలపాకులు, రవికెగుడ్డ పెట్టుకుని, బిడ్డను చంకనేసుకుని పలమనేరు పోయాను. అంగట్లో ఇప్పుడు అత్తే కూర్చుంటోంది. పాల సేకరణ కేంద్రంలో పనికి పోయిన తమ్ముడు ఇంకా రాలేదు. "కూసో" అంది. నేను కూర్చోలేదు. పళ్లెం ఆమె ముందర పెట్టాను.

"అత్తా, బిడ్డకు చెవులు కుట్టిస్తా ఉండాము. మేనమామ రావాల."

ఆమె పళ్లెం ముట్టుకోలేదు. "వాడు నీ బిడ్డకు సిన్నాయన అవుతాడు. మేనమామ ఎట్లవుతాడు?"

నా కోపం నాకు తెలుసు. సమర్త నాటి పిల్ల నా గొంతులోకి వచ్చేసింది. బిడ్డ నా గొలుసు పట్టుకుని లాగుతుంటే ఆ వేళ్లు విడిపించే నెపంతో కాస్త ఊపిరి తీసుకున్నాను.

"నేను వాడిని పిలిచేదానికి రాలేదత్తా. ఫోన్ చేసి పిలవచ్చు. నిన్ను అడిగేదానికి వచ్చినా. వాడు నీ కొడుకు. కాదని నేను ఏ రోజూ అనలేదు. నీ కొడుకును నా బిడ్డకు మేనమామగా పంపు."

ఎవరో వచ్చి బొరుగులు అడిగారు. ఆమె లేచి, కొలిచి, పొట్లం కట్టి ఇచ్చింది. తిరిగి వచ్చి కూర్చున్నాక నన్ను చూడకుండా, వీధిని చూస్తూ మాట్లాడింది.

"నేను కనలేదు మే. కనుంటే నాకీ బయం ఉండేది కాదు. మా అక్క ఆడుంటే నేను ఈడ ఎందుకుండానని వాడు ఒక దినం అడుగుతాడనుకున్నా. వదినయితే వస్తాది, పోతాది. అక్కయితే పోదు గదా."

"నేను వాడిని తీసకపోయేదానికి ఎప్పుడూ రాలేదత్తా."

"తెలుసు. నిప్పట్లు కట్టినప్పుడల్లా తెలుసు. తెలిసినా బయం పోలేదు."

"అవ్వ సాయంత్రం దాకా ఈ అరుగు మీదే కూసునింది" అన్నాను. ఆ మాట అనాలని పోలేదు. వచ్చేసింది. అత్త చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ దినం వాడు ఇంట్లోనే ఉండాడు. వెనక గదిలో" అంది. వస్తామని గాని, రామని గాని ఆమె చెప్పలేదు. నేను బస్సెక్కేసరికి పళ్లెం ఇంకా పెట్టినచోటే ఉంది.

ముహూర్తం రోజు తిరుపతిలో మా ఇంటి వరండాలో చాప వేశారు. చెవులు కుట్టే ఆచారి బంగారు తీగలు సిద్ధం చేసుకుని, పసుపు అద్దుకుంటున్నాడు. మా నాయన ముందు రోజే వచ్చి ఒక మూల స్టూలు మీద కూర్చున్నాడు. రేణిగుంట మనిషి కూడా వచ్చి, కాఫీ తాగి, ఇస్త్రీ పంచ నలగకుండా చూసుకుంటున్నాడు. నేను గేటు వైపు చూడకూడదని అనుకుంటూ చూస్తూనే ఉన్నాను. పలమనేరు నుంచి రావాల్సిన పొద్దు దాటిపోయింది.

"మేనమామ ఎవరమ్మా? రమ్మనండి, మంచి టైము పోతుంది" అన్నాడు ఆచారి. మా అత్తగారు నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. ఆమె రేణిగుంట మనిషికి సైగ చేసింది. ఆయన చాప మీద కూర్చుని బిడ్డ కోసం చేతులు చాచాడు.

గేటు చప్పుడైంది. ఆటో దిగి అత్త వస్తోంది. మోకాలి మీద ఒక చెయ్యి వేసుకుని మెల్లగా నడుస్తోంది. వెనక తమ్ముడు పళ్లెంలో బట్టలు, పండ్లు, పూలు పట్టుకుని వస్తున్నాడు. వరండా మెట్టు దగ్గర ఆగి ఆమె ఆయాసం తీర్చుకుంది. అంతమందిలో ఆమె గొంతు పెద్దది చేసి మాట్లాడటం నేను అదే మొదటిసారి విన్నాను.

"లెయ్యండయ్యా. మేనమామ వచ్చినాడు. వీడు నా కొడుకు. ఈ పిల్లకు తోడబుట్టిన తమ్ముడు."

రేణిగుంట మనిషి లేచి పక్కకు జరిగాడు. మూలన స్టూలు మీద మా నాయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. తమ్ముడు చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నా చంకలోని బిడ్డను వాడి ఒళ్లో పెట్టాను. అందరూ చూస్తున్నారని తెలిసినా ఏడుపు ఆపుకోలేదు.

తీగ గుచ్చగానే బిడ్డ ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. తమ్ముడు వాడి తల తన గుండెకు అదిమి పట్టుకున్నాడు. అత్త నొప్పి మోకాళ్లతోనే కష్టపడి వాళ్ల ముందర చతికిలబడింది. బిడ్డ గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"ఏడవద్దు నాయనా. సూడు, ఎవరి ఒళ్లో ఉండావో సూడు. మామ. మామ అను."